పోయేముందు అప్పగింతలు

శ్రోతలకు నమస్కారం.

మా నాన్న పోవడానికి నాలుగు రోజుల ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచి, "పాలావిడకి పదకొండు రోజుల డబ్బులు బాకీ ఉన్నాం, రాసుకో" అన్నారు. నేను రాసుకోలేదు. "అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా? తగ్గాక మీరే ఇద్దురుగాని" అన్నాను. ఆయన నావైపు ఓసారి చూసి, కళ్లజోడు తీసి దిండు పక్కన పెట్టుకున్నారు. తగ్గదని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ధైర్యం చెబుతున్నాననుకుంటూ ఆయన నోరు మూయించాను.

చివరి మాటలంటే ఏవో గొప్పగా ఉంటాయనుకుంటాం. సత్యం, ధర్మం, అలాంటివి. వాల్మీకి అలా రాయలేదు. కిష్కింధకాండ 22వ సర్గలో వాలి, రాముడి బాణం గుండెలో ఉండగానే కొడుకు అంగదుణ్ణి దగ్గరికి పిలుస్తాడు. బాణం ధర్మమా అధర్మమా అని మనం ఇప్పటికీ వాదించుకుంటాం గానీ, వాలికి అప్పటికి ఆ గొడవ తీరిపోయింది. ఇక మిగిలింది పిల్లవాడి సంగతి. రేపటి నుంచి వాడు బతకాల్సింది బాబాయి కొలువులో. ఆ బాబాయి సుగ్రీవుడే ఈ చావు కోరి తెచ్చినవాడు.

పగ తీర్చుకోమని వాలి ఒక్క మాట అనడు. దేశకాలాలు చూసి మసలుకోమంటాడు. ఇష్టమైనా కాకపోయినా ఓర్చుకోమంటాడు. తర్వాత, నేను నిన్ను ముద్దు చేసినట్టు అక్కడా గారాలు పోతే సుగ్రీవుడు నిన్ను లెక్కచెయ్యడు సుమా అని హెచ్చరిస్తాడు. ఎవరితోనూ అతిగా స్నేహం వద్దు, అసలు లేకుండానూ వద్దు, రెండూ దోషమే, మధ్యన ఉండు అంటాడు. పెద్ద ఉమ్మడి కుటుంబమున్న అత్తారింటికి పంపుతూ ఆడపిల్లకి చెప్పే మాటల్లా లేవూ ఇవి?

అంతకుముందే సుగ్రీవుడికి కూడా ఓ మాట చెప్పాడు. తన భార్య తార బుద్ధిమంతురాలు, ఆమె ఏది మంచిదంటే అది సందేహించకుండా చెయ్యమని. అదే తార ఆ రోజు వాలిని యుద్ధానికి వెళ్లొద్దని బతిమాలింది. రాముడితో సుగ్రీవుడికి స్నేహం కుదిరిందన్న కబురు తెచ్చింది కూడా ఈ అంగదుడే. వాలి ఇద్దరి మాటా వినలేదు. తాను తప్పిన చోటే తమ్ముణ్ణి తప్పొద్దంటున్నాడు. నాకు ఆ సర్గలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

మరి కొడుకు విన్నాడా అంటే, సగమే. సీతను వెతకబోయి గడువు దాటిపోయాక, సుగ్రీవుణ్ణి నానా మాటలూ అని, వెనక్కి వెళ్లను, ఇక్కడే ప్రాయోపవేశం చేస్తానని, అంటే తిండి మాని ప్రాణం వదిలేస్తానని, సముద్రపొడ్డున దర్భలు పరిచి కూర్చున్నాడు. ఓర్చుకోమన్న మాట అక్కడ ఎగిరిపోయింది.

నేను అంగదుడికన్నా కాస్త నయం. మర్నాడు సిగ్గుపడి, ఓ నోటుపుస్తకం తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను. నాన్న చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. పాలావిడ బాకీ. మోటారు స్విచ్చి తడి చేత్తో ముట్టుకోవద్దు. తమ్ముడు ముందు కోప్పడతాడు, పది నిమిషాలు ఆగితే వాడే ఫోన్ చేస్తాడు, నువ్వు మాత్రం మాట తూలొద్దు. ఆఖరున, "మీ మేనత్తకి సంక్రాంతి చీర మానొద్దురా. చీరలు లేక కాదు, పుట్టింటివాళ్లు ఉన్నారని" అన్నారు. అక్కడికి ఆయాసం వచ్చి ఆపేశారు.

మొదటి సంక్రాంతికి చీర పట్టుకుని వెళ్లాను. మేనత్త పొట్లం విప్పలేదు. ఒళ్లో పెట్టుకుని, "మీ నాన్న చెప్పి పోయాడా, నీకే తోచిందా?" అని అడిగింది.

నాకే తోచిందన్నాను. నమ్మలేదు. నవ్వి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.