లోపం ఉన్న పరిశోధనని పక్కన పెట్టేయాలా?

నమస్కారం. ఏ పరిశోధన గురించి మాట్లాడినా వెంటనే ఒక మాట వస్తుంది: "ఆ స్టడీలో లోపాలున్నాయి కదా!" ఉంటాయి. కానీ ఆ ఒక్క మాటతో చర్చ ముగించేస్తే నాకు బాధగా ఉంటుంది. అసలు పని అక్కడే మొదలవ్వాలి. ఆ లోపం ఫలితాన్ని ఎటు లాగుతోంది, ఎంత లాగుతోంది అని అడగాలి కదా.

1950లో లండన్ నుంచి వెలువడిన పరిశోధన చూడండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు అంతలా పెరుగుతోందో తేల్చడానికి రిచర్డ్ డాల్ అనే డాక్టర్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడు పూనుకున్నారు. డాల్‌కి మొదట్లో అనుమానం సిగరెట్ మీద కాదు, రోడ్లకు వేసే తారు మీద! 20 ఆసుపత్రుల్లో ఈ క్యాన్సర్ ఉన్న 709 మందినీ, వేరే జబ్బులతో చేరిన మరో 709 మందినీ పొగ తాగే అలవాటు గురించి అడిగారు. క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ అలవాటు లేనివాళ్లు ఇద్దరే. రెండో గుంపు మగవాళ్లలో 27 మంది.

లోపాలు వెతకడం కష్టం కాదు. అంతా జ్ఞాపకం మీద చెప్పిన లెక్క. పోలిక కోసం తీసుకున్నవాళ్లూ రోగులే. పైగా ప్రశ్నలు అడిగేవాళ్లకు ఎదుటి మనిషి జబ్బేమిటో తెలుసు, కాబట్టి క్యాన్సర్ రోగిని ఇంకాస్త గుచ్చి అడిగి ఉండొచ్చు.

ఈ చివరి అనుమానాన్ని వాళ్లు పరీక్షించిన తీరు నాకు ఎంతో ఇష్టం. క్యాన్సర్ అనుకుని ప్రశ్నలు అడిగిన కొందరికి తర్వాత అది క్యాన్సర్ కాదని తేలింది. అడిగే తీరులోనే తేడా ఉంటే, వీళ్ల జవాబుల్లోనూ సిగరెట్లు ఎక్కువగా కనిపించాలి. కనిపించలేదు. వీళ్ల అలవాట్లు క్యాన్సర్ లేనివాళ్ల అలవాట్లలాగే ఉన్నాయి. రోగ నిర్ధారణలో జరిగిన పొరపాటే ఇక్కడ సాక్ష్యంగా నిలబడింది.

అయినా గణాంక శాస్త్రంలో మహామహుడు రొనాల్డ్ ఫిషర్ ఒప్పుకోలేదు. పొగ తాగాలనిపించే జన్యువే క్యాన్సర్‌నీ తెస్తుందేమో అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వేరే దారిలో దొరికింది. 1951లో డాల్, హిల్ సుమారు 40,000 మంది బ్రిటిష్ డాక్టర్ల అలవాట్లు ముందే రాసుకుని, తర్వాత ఎవరికి ఏమైందో ఏళ్ల తరబడి చూశారు. జబ్బు వచ్చాక గుర్తు చేసుకునే గొడవే లేదు. సిగరెట్ మానేసినవాళ్లలో ముప్పు తగ్గింది. జన్యువే కారణమైతే మానేసినంత మాత్రాన ఎందుకు తగ్గుతుంది?

ఇంకో వైపు కూడా చెప్పాలి. నెలసరి ఆగిపోయాక హార్మోన్ మాత్రలు వాడే ఆడవాళ్లకు గుండె జబ్బులు తక్కువని పెద్ద పెద్ద పరిశీలనలే చూపించాయి. డాక్టర్లు నమ్మారు, రాసిచ్చారు. తర్వాత అమెరికాలో 16,608 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూశారు. గుండెకు రక్షణ దొరకలేదు. గుండెపోట్లు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ కాస్త పెరిగాయి. 2002లో ఆ ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. ముందటి పరిశీలనల్లో మాత్రలు వాడినవాళ్లు చాలావరకు డబ్బు, చదువు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. మాత్రలు లేకపోయినా వాళ్లకు గుండె జబ్బులు తక్కువే ఉండొచ్చు. అంటే ఇక్కడ లోపం, మాత్రలు మేలు చేస్తున్నట్టు కనిపించే వైపుకే లాగింది, అందుకే అంతమందిని నమ్మించింది. ఆ ట్రయల్ కూడా లోపం లేనిదేం కాదు. అందులో ఆడవాళ్ల సగటు వయసు 63. నెలసరి ఆగిన కొత్తలోనే మొదలుపెడితే ఫలితం వేరుగా ఉంటుందా అన్న చర్చ తర్వాత ఏళ్ల తరబడి నడిచింది.

బ్రిటిష్ డాక్టర్ల మీద డాల్, హిల్ మొదలుపెట్టిన ఆ పరిశోధన 50 ఏళ్ల ఫలితం 2004లో వచ్చింది. జీవితమంతా సిగరెట్ తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందు చనిపోతున్నారని, ముప్పై ఏళ్ల వయసులో మానేస్తే ఆ పదేళ్లూ దాదాపు దక్కుతాయని తేలింది. డాల్ మాత్రం లండన్ ఆసుపత్రుల ఆ మొదటి లెక్కలు చూసినప్పుడే సిగరెట్ మానేశారు. 92 ఏళ్లు బతికారు.