1155వ సంపుటి, 331వ పుట

శ్రోతలకు నమస్కారం.

పరిశోధన పత్రిక అనగానే, ఒక ప్రొఫెసర్ రాస్తే ఇంకో ప్రొఫెసర్ పరిశీలిస్తారని అనుకుంటాం. అమెరికా లా స్కూళ్లలో వరస వేరు. రాసేది ప్రొఫెసర్, దిద్దేది విద్యార్థి. 1887లో మొదలైన హార్వర్డ్ లా రివ్యూతో ఈ పద్ధతి నిలదొక్కుకుంది. అంతర్జాతీయ న్యాయానికి అలాంటి పత్రికలు రావడానికి మాత్రం మరో డెబ్బై ఏళ్లు పట్టింది. 1959లో హార్వర్డ్, 1960లో వర్జీనియా, 1961లో కొలంబియా. హార్వర్డ్‌లో ముందు వచ్చింది విద్యార్థి క్లబ్బు బులెటిన్. వర్జీనియా విద్యార్థి సంఘం జాన్ బాసెట్ మూర్ పేరు పెట్టుకుంది. హేగ్‌లోని శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానంలో కూర్చున్న తొలి అమెరికన్ ఆయనే.

ఇంతకీ ఈ విద్యార్థులు చేసేదేమిటి? ముఖ్యంగా ఫుట్‌నోట్లు సరిచూడటం. ఒక్కటి చూద్దాం.

వ్యాసంలో ఇలా ఉందనుకోండి: ‘1945 నాటి ఒడంబడికను వియన్నా ఒడంబడిక 31వ అధికరణం ప్రకారం అమెరికా సద్భావంతో అర్థం చేసుకోవాలి.’ కింద ఫుట్‌నోట్: ఐక్యరాజ్యసమితి ఒడంబడికల సంపుటాలు, 1155వ సంపుటి, 331వ పుట.

వియన్నా ఒడంబడిక అంటే, దేశాల మధ్య ఒడంబడికలను ఎలా చేసుకోవాలో, ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే ఒడంబడిక. విద్యార్థి ఆ సంపుటి తీస్తాడు. ఇంకో వ్యాసంలోని ఫుట్‌నోట్‌తో పోల్చి ఊరుకుంటే తప్పు తప్పుగానే పాకుతుంది. అసలు పాఠమే చూడాలి. సంపుటి సరే, పుట సరే. ఇక తేదీలు. వియన్నా ఒడంబడిక కుదిరింది 1969 మే 23న. అమల్లోకి వచ్చింది 1980 జనవరి 27న. ఈ రెండు తేదీలను కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. తర్వాత, ఆ దేశం ఇందులో ఉందా? అమెరికా 1970లో సంతకం చేసింది, కానీ ఆమోదించలేదు. అంటే సభ్యదేశం కాదు. పైగా 4వ అధికరణం ప్రకారం ఈ ఒడంబడిక వెనక్కి వర్తించదు. 1945 నాటి పత్రానికి అసలే వర్తించదు.

చూశారా, పుట సంఖ్య సరిచూడబోతే వాక్యమే కదిలిపోయింది!

విద్యార్థులకు ప్రొఫెసర్లను దిద్దే అర్హత ఏమిటని విమర్శ ఉంది. వాదన కొత్తదా పాతదా అని తేల్చే అనుభవం వాళ్లకు తక్కువే, ఒప్పుకోవాలి. ఆధారం వెతకడానికి మాత్రం అనుభవం కన్నా ఓపిక ముఖ్యం.

ఇప్పుడు విద్యార్థి ఏం చేయాలి? వాక్యం తానే మార్చేయకూడదు. ఒడంబడికలో చేరకపోయినా, దేశాలు కట్టుబడి ఆచరిస్తూ వచ్చిన నియమం ఆచార న్యాయంగా వర్తించవచ్చు. అందుకే అంచున రచయితకు ఒక ప్రశ్న రాయాలి: ‘31వ అధికరణంలోని సూత్రం ఆచార న్యాయంగా అమెరికాకు వర్తిస్తుందని మీ ఉద్దేశమా? అయితే అంతర్జాతీయ న్యాయస్థానం ఆ మాట చెప్పిన తీర్పును ఇక్కడ చేర్చగలరా?’