ఉక్కుపళ్ల వెనక మనిషి

శ్రోతలకు నమస్కారం.

జేమ్స్ బాండ్ సినిమాల్లో విలన్ల పేర్లు చాలామందికి గుర్తుండవు. ఉక్కుపళ్ల మనిషి మాత్రం గుర్తుంటాడు. నోరు తెరిస్తే తళుక్కున మెరిసే పళ్లు, ఆ పళ్లతో గొలుసుల్ని పటపటా కొరికేసే భారీకాయం. సినిమాలో వాడి పేరు జాస్. ఆ వేషం వేసిన నటుడు రిచర్డ్ కీల్. ఇవాళ ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కీల్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. మన ఇళ్లలో మామూలుగా పెట్టే ఏడడుగుల గుమ్మంలోంచి తల వంచితే గానీ లోపలికి రాలేరన్నమాట. 1939 సెప్టెంబర్ 13న అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం కాలిఫోర్నియాకు మారింది, స్కూలు చదువు అక్కడి బాల్డ్విన్ పార్క్‌లో పూర్తయింది.

ఇంత ఎత్తు ఎలా వచ్చింది? మన మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. శరీరం ఎదగడానికి కావలసిన హార్మోన్ అందులోంచే ఊరుతుంది. పెరిగే వయసులో అది మోతాదు మించితే, ఎముకల చివర్లు అప్పటికి ఇంకా మూసుకుపోవు కాబట్టి మనిషి అలా పొడవు సాగుతూనే ఉంటాడు. వయసొచ్చాక కూడా ఆ ఊట తగ్గకపోతే పొడవు పెరగడు గానీ దవడ, నుదురు, చేతులు, పాదాలు పెద్దవవుతాయి. కీల్‌కు ఉన్నది ఈ హార్మోన్ సమస్యే. తెరమీద ఆయన ముఖం చూసి జడుసుకున్న మనం నిజానికి ఒక జబ్బు లక్షణాలను చూసి జడుసుకున్నాం. ఈ సంగతి తెలిశాక ఆ సినిమాలు మళ్లీ చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

సినిమాల్లో నిలదొక్కుకునే లోపు ఆయన పొట్ట కోసం రకరకాల పనులు చేశారు. నైట్‌క్లబ్ గుమ్మం దగ్గర బౌన్సర్‌గా నిలబడ్డారు. అది ఊహించగలిగేదే. శ్మశానంలో స్థలాలు కూడా అమ్మారు. అమెరికాలో తమ సమాధికి కావలసిన చోటును ముందుగానే కొనిపెట్టుకుంటారు, ప్లాట్లు అమ్మినట్టే దానికీ సేల్స్‌మన్లు ఉంటారు. ఏడడుగుల మనిషి తలుపు తట్టి, "అయ్యా, మీ సమాధికి మంచి చోటుంది, చూస్తారా?" అంటే ఆ ఇంటాయన పరిస్థితి ఏమిటో! ఇక అందరినీ ఆశ్చర్యపరిచేది మూడో ఉద్యోగం. 1960ల మొదట్లో, ఒక పక్క రాక్షస వేషాలు వేస్తూనే, రాత్రి బడిలో లెక్కలు చెప్పేవారు కీల్.

వేషాలంటారా, అన్నీ ఒకే అచ్చు. 1962లో 'ట్వైలైట్ జోన్' అనే టీవీ సీరియల్‌లో వేరే గ్రహం నుంచి దిగిన తొమ్మిదడుగుల జీవి. శరీరం ఆయనది, గొంతు మాత్రం ఇంకొకరిది. అదే ఏడాది 'ఈగా' అనే చిన్న సినిమాలో కాలిఫోర్నియా ఎడారిలో తిరిగే గుహమానవుడు. అత్యంత చెత్త సినిమాల జాబితా ఎవరు వేసినా అందులో దానికి చోటు దొరుకుతుంది. తర్వాత 'వైల్డ్ వైల్డ్ వెస్ట్' అనే సీరియల్‌లో విలన్ దగ్గర అనుచరుడు. ఆ విలన్‌గా వేసిన మైకేల్ డన్ నాలుగడుగులు కూడా లేని మనిషి, గొప్ప నటుడు. పొట్టి యజమాని, పొడుగు సేవకుడు. ఆ పక్కపక్కన నిలబెట్టడంలోనే సగం పని అయిపోయేది దర్శకులకు. ఎత్తు చూసి పిలిచేవాళ్లు, ఎత్తు చూపించి పంపేవాళ్లు. నటన అడిగినవాళ్లు తక్కువ.

1977లో ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో వచ్చింది. టీవీలో 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' తీస్తూ ఆకుపచ్చ రాక్షసుడి వేషానికి ముందు కీల్‌ను తీసుకున్నారు. కొంత షూటింగ్ కూడా అయ్యాక, ఎత్తు ఉంది గానీ కండలు చాలలేదని ఆయన్ను తప్పించి లూ ఫెరిగ్నోను పెట్టారు. కీల్ పెద్దగా బాధపడలేదు. ఆయనకు ఒక కంటితోనే సరిగ్గా కనిపించేది. ఆ వేషానికి పెట్టిన కాంటాక్ట్ లెన్సులు పడలేదు, ఒంటికి పూసిన ఆకుపచ్చ రంగు కడిగినా పోయేది కాదు. పీడా వదిలిందనుకున్నారు.

ఆ ఏడాదే విడుదలైంది 'ద స్పై హూ లవ్డ్ మీ'. నిర్మాత బ్రోకలీ ఉక్కుపళ్ల పాత్ర గురించి చెప్పినప్పుడు కీల్ తటపటాయించారు. మళ్లీ రాక్షసుడేనా అని. చేస్తాను గానీ వాడిలో కొంచెం మనిషి లక్షణాలు ఉండాలన్నారు. పట్టుదల ఉండాలి, పని కాకపోతే విసుగు రావాలి. నా దృష్టిలో కీల్ జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదే. పళ్లు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఈ మాట అందరికీ తట్టదు.

ఆ మాట తెరమీద ఎలా కనిపించిందో చూడండి. రైలు పెట్టెలో బాండ్‌కూ జాస్‌కూ కొట్లాట. బాండ్ గుద్దులు వాడికి చీమ కుట్టినట్టయినా ఉండవు. చివరికి బాండ్ దీపం పగలగొట్టి, కరెంటును ఆ ఉక్కుపళ్లకే తగిలిస్తాడు. షాక్ కొట్టి తూలుతున్నవాణ్ణి కిటికీలోంచి బయటికి తన్నేస్తాడు. పరుగెత్తే రైల్లోంచి పడ్డవాడు ఏం చేయాలి? జాస్ లేస్తాడు. కోటు దులుపుకుంటాడు. నడక మొదలుపెడతాడు. ఇంకోచోట జాస్ ఉన్న కారు కొండ అంచు దాటి ఎగిరి ఒక ఇంటి పైకప్పులోకి దూసుకుపోతుంది. జాస్ ఆ ఇంటి తలుపులోంచి బయటికొచ్చి మళ్లీ దులుపుకుంటాడు. నోట మాట లేదు. రోజూ ఆఫీసులో చీవాట్లు తిని, మర్నాడు టైముకు బస్సెక్కే ఉద్యోగి ఓపిక అది. జనం నవ్వారు, ఆ నవ్వుతోనే వాణ్ణి తమవాణ్ణి చేసుకున్నారు.

కథ ప్రకారం జాస్ ఆఖర్లో చావాల్సినవాడే. సొరచేప ఉన్న నీళ్లలో పడతాడు. సినిమాలో మాత్రం వాడే సొరచేపను కొరికేసి, సముద్రంలో ఈదుకుంటూ వెళ్లిపోతాడు. చంపకుండా వదిలేయడం మంచిదైంది. 1979లో 'మూన్‌రేకర్' కోసం మళ్లీ పిలిపించారు. జాస్ మంచివాడు ఎందుకు కాకూడదని దర్శకుడు లూయిస్ గిల్బర్ట్‌కు పిల్లల దగ్గర నుంచి బోలెడు ఉత్తరాలు వచ్చాయి. మన పిల్లలకు ఘటోత్కచుడంటే భయం కన్నా మురిపెం ఎక్కువ కదా, అక్కడి పిల్లలకూ అలాంటివాడు దొరికాడు. దాంతో ఈ సినిమాలో జాస్ ప్రేమలో పడ్డాడు, బాండ్ పక్షానికి మారాడు. ప్రియురాలిగా కూడా భారీ మనిషినే వెతుకుదామనుకుంటే, పొట్టి అమ్మాయే బాగుంటుందన్నారు కీల్. అందుకు సాక్ష్యం ఇంట్లోనే ఉంది: ఆయన భార్య ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఆఖర్లో జాస్ షాంపేన్ సీసా మూతిని పళ్లతో ఊడబెరికి, ప్రియురాలి వైపు తిరిగి, "ఇది మన కోసం" అంటాడు. రెండు సినిమాల్లో కలిపి వాడి డైలాగ్ అదొక్కటే.

పళ్ల సంగతి చెప్పకపోతే శ్రోతలు ఊరుకోరు. వాటి రూపకల్పన చేసింది కాథరీనా కూబ్రిక్, దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ పెంచిన కూతురు. చూడ్డానికి బాగానే ఉండేవి గానీ అంగిలికి ఒరుసుకుని వాంతి వచ్చినట్టుండేదట. అందుకే షాట్‌కు ముందు పెట్టుకోవడం, కట్ అనగానే తీసేయడం. 'మూన్‌రేకర్'లో రియోలోని కొండ మీద కేబుల్ కారు లాగే లావుపాటి తీగను జాస్ కొరికి తెంపుతాడు. ఆ తీగ అతిమధురం మిఠాయితో చేసింది. ఇంకో విశేషం, కీల్‌కు ఎత్తైన చోట్లంటే భయం. నవ్వకండి. ఏడడుగుల మీద నుంచి రోజూ లోకాన్ని చూసే మనిషికి కొండ అంచుకు వెళ్లాలంటే కాళ్లు వణికేవి. కేబుల్ కారు పైకెక్కి చేసే విన్యాసాలన్నీ డూప్ చేసినవే.

పేరొచ్చింది గానీ జీవితం సాఫీగా సాగలేదు. మందు అలవాటుతో చాలా అవస్థపడి, దైవభక్తిలో పడ్డాక దాన్నుంచి బయటపడ్డారు. 1991లో 'జెయింట్ ఆఫ్ థండర్ మౌంటెన్' అనే పిల్లల సినిమాకు కథలో పాలు పంచుకుని, నిర్మాణంలోనూ చేయి వేసి, తానే ప్రధాన పాత్ర వేశారు. మరుసటి ఏడాది కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. శరీరం తూలిపోయేది, నిలబడాలంటే ఆసరా కావలసి వచ్చేది. అంత ఎత్తు మనిషికి బ్యాలెన్స్ తప్పడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అయినా 1996లో 'హ్యాపీ గిల్‌మోర్' అనే గోల్ఫ్ హాస్య చిత్రంలో కనిపించారు. అందులో విలన్ కొట్టిన బంతి వచ్చి కీల్ పాదం మీద పడుతుంది, దాన్ని అక్కడినుంచే కొట్టాలి. కొట్టేవాడి ముఖం చూడాలి! బాండ్ పేరు వినని కుర్రకారుకు కూడా కీల్ ఇలా తెలిశారు.

తర్వాత ఎక్కువగా రాతకోతల్లో గడిపారు. 2002లో ఆత్మకథ వచ్చింది. 2007లో, 19వ శతాబ్దంలో బానిసత్వాన్ని ఎదిరించిన కెంటకీ నాయకుడు కాసియస్ మార్సెలస్ క్లే జీవితం మీద మరో రచయితతో కలిసి పుస్తకం తెచ్చారు. బాక్సర్ మహమ్మద్ అలీకి పుట్టినప్పుడు పెట్టింది ఈయన పేరే. 2014 సెప్టెంబర్ 10న, 75వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో కీల్ కన్నుమూశారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2010లో, డిస్నీ వాళ్లు 'టాంగిల్డ్' అనే యానిమేషన్ సినిమాకు ఆయన్ను పిలిచారు. అందులో వ్లాడ్ అనే మొరటు దుండగుడు ఉంటాడు. ఇంట్లో మాత్రం ఒంటికొమ్ము గుర్రాల పింగాణీ బొమ్మలు పోగేసుకుంటాడు. ఆ వ్లాడ్‌కు గొంతు ఇచ్చింది కీల్. ఒకప్పుడు ఆయన శరీరాన్ని తీసుకుని గొంతు ఇంకొకరిది పెట్టారు. ఈసారి శరీరం వాళ్లు బొమ్మ గీసుకున్నారు, గొంతు మాత్రం ఆయనదే తీసుకున్నారు.

సెలవు.