అల కనపడే టేబుల్ మీద చేప తినొద్దు! | గండికోట గొడవకు కోవళం నుంచి జవాబు

అల కనపడుతోందా? అయితే ఆ టేబుల్ దగ్గర్నుంచి లేచి రండి. అక్కడ చేప తినొద్దు. మళ్లీ చెప్తున్నా, నిదానంగా వినండి. సముద్రం ఎంత బాగా కనపడితే ప్లేట్లో చేప అంత అధ్వానంగా ఉంటుంది. ఇది నా సిద్ధాంతం. తిట్టండి, నాకేం కాదు. కాకపోతే వీడియో మొత్తం చూసి తిట్టండి.

పోయిన వీడియో రచ్చ మీకు తెలిసిందే. గండికోటలో లోయ అంచున టెంట్ ప్యాకేజీలో రాత్రి భోజనం పెడతారు కదా, చల్లారిపోయిన చికెన్, సాగదీస్తే సాగే చపాతీ. "దానికి డబ్బులు తగలేసే బదులు జమ్మలమడుగులో కడుపు నిండా తిని పైకి పోండి" అన్నాను. అన్నది అంతే! "కడపోళ్లకు టూరిజం అంటే ఏం తెలుసు, బీచ్ ఊర్లకు పోయి చూడు, అలల పక్కన కూర్చోబెట్టి అప్పుడే పట్టిన చేప వేయించి పెడతారు, అది చూసి నేర్చుకో" అని ఒకటే మోత. సరే సామీ, నేర్చుకుందామనే పోయాను. తిన్నాను. ఇప్పుడు మాట్లాడుకుందాం.

ఎక్కడికి పోయానంటే కోవళం. కేరళ కోవళం కాదు, చెన్నై దాటి ఈసీఆర్ రోడ్డు మీద 40 కిలోమీటర్లు పోతే వచ్చే తమిళనాడు కోవళం. మన నెల్లూరు పక్కన మైపాడు బీచ్ దగ్గర్లోనే ఉంది కదా, ఇంత దూరం ఎందుకు అంటారేమో. మైపాడుకు పోయేది మనోళ్లే, అక్కడ సీజన్ అంటే ఆదివారం. నాకు కావాల్సింది బయటి జనాన్ని, సీజన్‌ను నమ్ముకుని వంట చేసే ఊరు. కోవళం అట్లాంటిదే. జాలర్ల ఊరు, దర్గా ఊరు, ఇప్పుడు సర్ఫింగ్ ఊరు. నైరుతి గాలి మొదలైతే సెప్టెంబర్ దాకా అక్కడ అల బాగా లేస్తుంది. పలక మీద నిలబడి జారడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పక్కనే మహాబలిపురంలో 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ పెట్టారు, మన రమేశ్ బుడిహాల్ కంచు పతకం కొట్టాడు. గొప్ప సంగతే. నువ్వు పలక ఎక్కావా అని అడగొద్దు. మనం బావిలో సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్న బ్యాచ్.

నేను పోయింది మే నెలలో. సీజన్‌కు ముందు. కావాలనే.

బీచ్ ఒడ్డున ఒక రెస్టారెంట్. పేరు చెప్పను, అడగొద్దు. వెదురు కుర్చీలు, తెల్ల కర్టెన్లు, ఎదురుగా సముద్రం. ఫోన్ తీస్తే చాలు రీల్ రెడీ. సర్వర్ వచ్చి "వంజరం సార్, ఫ్రెష్, మార్నింగ్ క్యాచ్" అన్నాడు. ఒక్క ముక్క వచ్చింది. పైన ఎర్రగా మసాలా పొర, అంచులు నల్లగా మాడాయి. చెంచాతో విరిచి చూస్తే లోపల కండ దూదిపింజలాగా పొడిపొడిగా రాలింది. నడిమి ముల్లు దగ్గర ఇంకా చల్లగా ఉంది. చల్లగా! పెనం మీంచి నేరుగా వచ్చిన ముక్క ముల్లు దగ్గర చల్లగా ఉందంటే అది పొద్దున సముద్రంలో ఈదిందా, ఫ్రీజర్‌లో పడుకుందా, మీరే చెప్పండి. వేళ్లకు అంటిన ఎర్ర రంగు సబ్బు పెట్టి కడిగినా పోలేదు. ఏంది బాబూ ఇది అంటే ఆ పిల్లోడు ఏమన్నాడో తెలుసా? "గాలి ఎట్లా వస్తుందో చూడండి సార్" అన్నాడు. గాలికి బిల్లేశారన్నమాట నాకు!

ఇప్పుడు అసలు పాయింట్. "బీచ్ పక్కన ఫ్రెష్ చేప" అని నాకు క్లాసు పీకినోళ్లు చెవులు పెట్టి వినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లతో చేపల వేట నిషేధం. తమిళనాడులో అంతే, మన ఆంధ్రలో అంతే. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలకే కదా మన ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయల భృతి ఇస్తున్నది. మరి నడి మే నెలలో నా ప్లేట్లోకి "మార్నింగ్ క్యాచ్" ఎట్లా వచ్చింది సామీ?

చిన్న ఫైబర్ పడవలు పోతాయి కదా అంటారు. పోతాయి, వాటికి నిషేధం లేదు. నేనూ ఒడ్డున నిలబడి చూశాను. చీకట్లో పోయి పొద్దున్నే తిరిగొస్తాయి. వలలో నెత్తళ్లు, శంకర చేప, పీతలు. మంచి వంజరం ఒకటి పడిందా, ఇసుక మీదే వేలం పాడతారు. దానికోసం కొట్టుకున్నంత పని చేస్తారు, మనం ఏమైందో చూసేలోపల అది ఐసు పెట్టెలో పడి చెన్నై దారి పట్టి ఉంటుంది. మిగతా హోటళ్ల గతేంది? పడమటి తీరం. అక్కడ నిషేధం జూన్ 1న మొదలై జులై 31 దాకా ఉంటుంది. అంటే మేలో ఆ వైపు బోట్లు తిరుగుతూనే ఉంటాయి. అటు పట్టిన చేప ఐసులో కూర్చుని, లారీ ఎక్కి, దేశం అడ్డంగా దాటి వచ్చి, బంగాళాఖాతం ఎదురుగా ప్లేట్లో పడుకుని "నేను ఇక్కడిదాన్నే" అంటుంది. మనం దాంతో సెల్ఫీ దిగుతాం.

రొయ్య కథ ఇంకా తమాషా. పెద్ద హోటల్ మెనూలో రొయ్య అంటే చాలావరకు వనామి. అది చెరువు రొయ్య. రొయ్యల పెంపకంలో దేశంలో ముందున్నది మన రాష్ట్రమే. నెల్లూరు వైపు ఏదో చెరువులో మేత తిని పెరిగిన రొయ్యను అంత దూరం పోయి, అలలు చూస్తూ నమిలి, "అబ్బ, సముద్రం రుచి" అంటున్నాం. ఆ రొయ్యకు సముద్రం అంటే ఏందో తెలియదు అన్నా!

సరే, ఇక తినదగ్గ సంగతికి వస్తా. బీచ్ వైపు వీపు పెట్టి నడిచాను. బస్సులు ఆగే చోటు దాటి ఒక సందు. సముద్రం కనపడదు, వాసన మాత్రం వస్తుంది. రేకుల కప్పు, రెండు బల్లలు, గోడకు గాలం దారాలు వేలాడుతున్నాయి. ఒకామె కింద కూర్చుని నెత్తళ్లు శుభ్రం చేస్తోంది. కత్తి లేదు, కత్తిపీట లేదు. బొటనవేలి గోరుతో తలకాయ పట్టి ఇట్లా కిందికి లాగితే పేగు మొత్తం తలతో పాటే వచ్చేస్తుంది. నేను ఒక్కటి ప్రయత్నించేలోపల ఆమె చేతిలో పిడికెడు అయిపోయాయి. ఉప్పు, పసుపు, కారం, కొంచెం చింతపండు రసం. అంతే. పిండి లేదు, రంగు లేదు. నూనెలో వేస్తే సర్రుమని చప్పుడు, తీసి ఆకులో పోసింది. ముల్లుతో సహా కరకరా నమిలేయడమే. పక్కన మట్టిచట్టిలో నిన్నటి చేపల పులుసు. చేపల పులుసు మరునాటికే రుచి అని మన అవ్వలు చెప్పింది అక్కడా చెల్లుతుంది. ఆ పులుసు ముందర వేడి వేడి రాగి సంగటి ముద్ద ఒకటి ఉండి ఉంటే నేను ఈ వీడియో చేసేవాణ్ణే కాదు, అక్కడే ఉండిపోయేవాణ్ణి. కారం మాత్రం మనకు చాలదు. మనం పొద్దున్నే దోశ మీద ఎర్రకారం రుద్దుకుని, దాని మీద పప్పులపొడి చల్లుకుని తినే జాతి. నేను ఇంకొంచెం కారం అడిగితే ఆమె మిరియాల పొడి డబ్బా ఇచ్చింది. పోనీలే.

నాకొచ్చిన అరకొర తమిళంలో అడిగాను, "అక్కా, సీజన్లో వస్తే ఇదే దొరుకుతుందా?" అని. ఆమె నవ్వింది. "అప్పుడు రావద్దు తంబీ. మంచి చేపంతా ఒడ్డు మీదే హోటలోళ్లు ఎత్తుకుపోతారు. మాకు మిగిలింది వండుతాం" అంది.

విన్నారా? ఇది నేను చెప్పడం లేదు. వండేటామె చెప్తోంది. సీజన్లో మంచి చేప వ్యూ ఉన్న చోటికి పోతుంది, అక్కడ దాన్ని ఎర్రరంగు పూసి చంపుతారు. వండటం వచ్చిన చోటికి మిగులూ తగులూ వస్తుంది. రెండు వైపులా నష్టం మనకే. అందుకే సీజన్‌కు ముందు పోండి, సముద్రం కనపడని సందులో తినండి.

ఇక బార్ల సంగతి. అడుగుతారని తెలుసు, దాచను. తమిళనాట మందు షాపు అంటే టాస్మాక్. 2003 నుంచి చిల్లర అమ్మకం మొత్తం సర్కారుదే. మధ్యాహ్నం 12కు తలుపు తీస్తారు, రాత్రి 10కి మూస్తారు. కౌంటర్ దగ్గర నిలబడి "ఏదుంటే అదే ఇవ్వు" అనే మొహాలు చూడగానే నాకు 2019 నుంచి 2024 దాకా మన దగ్గర సర్కారు మందు షాపులు నడిచిన కాలం కళ్ల ముందు తిరిగింది. ఆ లేబుళ్లు, ఆ పేర్లు! గుర్తున్నాయా? 2024 అక్టోబర్ 16న మన దగ్గర 3,396 ప్రైవేటు షాపులు తెరిచిన రోజు కొందరు దండం పెట్టుకుని లోపలికి పోయారు. వాళ్లెవరో నేను చెప్పను. కోవళం దగ్గర అల కనపడే రిసార్ట్ బారులోనూ కూర్చున్నాను. అదే బీరు, ధర రెండింతల పైనే. ఇక్కడ నా సిద్ధాంతం కొంచెం కుంటుతుంది, ఎందుకంటే మూత వేసిన సీసాను వ్యూ ఏమీ చేయలేదు. నంజుకోవడానికి ఇచ్చేదాన్ని మాత్రం చేస్తుంది. రిసార్ట్‌లో మెత్తబడిన వేరుశనక్కాయలు చిన్న గిన్నెలో ఇచ్చారు. చెనిక్కాయలు పండించే సీమోడికి మెత్తబడిన చెనిక్కాయలు! టాస్మాక్ పక్కన బండివాడు ఉడికించిన గుడ్డు రెండుగా కోసి, మిరియాలపొడి, ఉల్లిపాయ వేసి ఇచ్చాడు. పోటీయే లేదు. ఇంకో మాట, తాగి నీళ్లలో దిగొద్దు. ఆ తీరంలో నీళ్లు లోపలికి లాగేస్తాయి. సీరియస్‌గానే చెప్తున్నా.

ఎందుకిట్లా అవుతుందంటే, వ్యూ దగ్గర కూర్చునేవాడు మళ్లీ రాడు. ఆ సంగతి ఓనరుకు తెలుసు. ఈరోజు చెడ్డ చేప పెట్టినా, మంచి చేప పెట్టినా రేపు వచ్చేది కొత్త మొహమే. బాడుగ కట్టాలి, కర్టెన్లు ఉతకాలి, వంటకు మిగిలేదెంత? అదే మన జమ్మలమడుగులో ఉగ్గాని బజ్జీ వేసేవాడికి రేపు పొద్దున మళ్లీ అదే మొహాలు. బొరుగులు సరిగా నానకపోయినా, మిరపకాయ బజ్జీ లోపల పిండి పచ్చిగా ఉన్నా "ఏం మామా, నిద్రపోతా వేసినావా?" అని అందరి ముందూ కడిగేస్తారు. ఆ భయమే రుచి. వ్యూ ఉన్నచోట ఆ భయం ఉండదు.

మరి వ్యూ దగ్గర ఏమీ బాగుండదా అంటే, కాఫీ తాగండి. కాఫీ బాగుంది. చాలా?

ఇప్పుడు మన గండికోటకు వద్దాం, ఎందుకంటే నా కడుపుమంట అక్కడే ఉంది. గండికోట అభివృద్ధికి కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. రోడ్లు రానీ, లైట్లు రానీ. కానీ నాకు భయమేమిటంటే, ఆ డబ్బుతో లోయ అంచున వెదురు కుర్చీలు, తెల్ల కర్టెన్లు కూడా వస్తాయి. ఇప్పటికే చూస్తున్నాం కదా. పైన టెంట్‌లో కూర్చుని బ్రాయిలర్ చికెన్ తింటున్నాం. కింద పెన్నలో, మైలవరం నీళ్లలో బొచ్చె చేపలు పడుతున్నారు. కొండ మీద ఉన్నోడికి కింద నీళ్లలో ఉన్న చేప దక్కదు, ఎక్కడి నుంచో వచ్చిన ఫారం కోడి దక్కుతుంది! కోవళం జబ్బు మనకు అప్పుడే అంటుకుంది అన్నా, అలకు బదులు లోయ ఉంది, అంతే తేడా.

ఊర్లో ఆడవాళ్లు ఉన్నారు. సంగటి కెలకడం వాళ్లకంటే ఎవరికి తెలుసు? నాటుకోడి పులుసు, ఊరిబిండి, గోంగూర. కోట గోడ వెనక, లోయ కనపడని చోట వాళ్లకు నాలుగు బంకులు ఇవ్వండి. లోయ కనపడని చోటే, నేను పంతం పట్టి చెప్తున్నా! తిన్న తర్వాత నడుచుకుంటూ పోయి చూస్తారులే లోయను. అది ఎక్కడికీ పోదు, జుమ్మా మసీదు, రంగనాథుడి గుడి పక్కనే అన్ని వందల ఏళ్లుగా ఉంది.

చలికాలం మొదలైతే మళ్లీ బెంగళూరు కార్లు దిగుతాయి. అంతలోపల నేను జమ్మలమడుగు, మైలవరం, ముద్దనూరు తిరగబోతున్నా. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనపడని హోటళ్లు మాత్రమే కావాలి. మీకు తెలిసినవి రాయండి. అది మీ మామ హోటల్ అయితే ఆ ముక్క కూడా రాయండి. బిల్లు నేనే కడతా, ఊరికే తింటే తిట్టడానికి నోరు రాదు.