రాత్రంతా సూర్యుడికి కాపలా కాసే పాము: మెహెన్

[తెర మీద: లేత పసుపు గోడ, దాని మీద నలుపు, ఎరుపు గీతలతో పుల్లబొమ్మలు]

ఈ గోడ చూశారా? ఎవరో చిన్నపిల్లాడు పుల్లబొమ్మలు గీసినట్టు లేదూ! కానీ ఇది ఈజిప్టు రాజు మూడో తుత్‌మోస్ సమాధి. లక్సర్ దగ్గర రాజుల లోయలో 1898లో బయటపడింది. ఆయన్ని ఉంచిన గదికి మూలలుండవు, కోలగా ఉంటుంది. చుట్టూ గోడల నిండా ఒకటే కథ: పొద్దుగూకాక సూర్యుడు ఎటు పోతాడు?

దువాత్‌కి పోతాడు. అంటే చచ్చినవాళ్ల లోకానికి. సూర్యదేవుడు రా అక్కడ పన్నెండు గంటలు పడవలో వెళ్లాలి. చనిపోయిన రాజుకీ అదే దారి.

[జూమ్: ఏడో గంట బొమ్మ]

నాకు బాగా నచ్చేది ఈ ఏడో గంట. అపోఫిస్ అనే మహాసర్పం దారికి అడ్డంగా పడుకుని నది నీళ్లన్నీ తాగేసింది. పడవకి నీళ్లే లేవు! అప్పుడు ముందు నిలబడి మంత్రం వేసేది ఐసిస్ దేవత. ఆ మంత్రబలంతోనే పడవ కదులుతుంది. అపోఫిస్ ఒంటి నిండా దిగిన కత్తులు చూడండి, ఒక్కొక్కటీ విడిగా గీశాడు చిత్రకారుడు.

ఇప్పుడు పడవలోకి రండి. రా చుట్టూ, తల మీదుగా వంపు తిరిగి ఇంకో పాము ఉంది. అదే మెహెన్. పేరుకి అర్థం "చుట్టుకున్నవాడు". చంపడానికి వచ్చిందీ పామే, కాపాడేదీ పామే. పామంటే చెడ్డదని ఈజిప్టువాళ్లు ఒక్క మాటలో తేల్చెయ్యలేదు.

[తెర మీద: గుండ్రటి రాతి పలక]

ఈ సమాధికి వెయ్యేళ్లకు పైగా ముందే మెహెన్ పేరుతో ఒక ఆట ఉండేది. చుట్ట చుట్టుకున్న పాము, నడిమధ్యన తల, ఒళ్లంతా గళ్లు. ఈజిప్టులోనే సక్కారా అనే చోట హెసిరే అనే అధికారి సమాధిలో ఆ పలక బొమ్మ, పక్కనే సింహం ఆకారపు పావులు, గోళీలు గీసి ఉన్నాయి. మన వైకుంఠపాళిలో పాము నోట పడితే కిందికి జారతాం. ఇక్కడ పాము ఒళ్లే దారి! ఎలా ఆడేవాళ్లో మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు, అదొక్కటే బాధ.

[తెర మీద: పన్నెండో గంట]

చివరి గంటలో ఇంకో పెద్ద పాము. దేవతలు పడవని తాళ్లతో లాగుతూ ఆ పాము తోకలోంచి లోపలికి వెళ్తారు, నోట్లోంచి బయటికొస్తారు. ముసలివాళ్లుగా వెళ్లినవాళ్లు పిల్లలై వస్తారు. రా కూడా అంతే, పేడపురుగు రూపంలో ఖెప్రిగా, అంటే పొద్దుటి సూర్యుడిగా, తూర్పున పైకి లేస్తాడు.

[జూమ్: కుడివైపు కింది మూల]

ఆ మూలన, గోడకి చేరగిలబెట్టినట్టున్న మమ్మీ ఉంది చూడండి. రాత్రి ప్రయాణం చేసిన రా పాత ఒళ్లు అది. దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.