నాన్న పేపర్ చదివితే కొడుకు దేశద్రోహా? అమెరికాను వణికించిన రెడ్ స్కేర్

[స్క్రీన్: మిషిగన్ రాష్ట్రం మ్యాప్, డెక్స్టర్ ఊరి దగ్గర చుక్క]

నమస్తే. 1953 ఆగస్టులో సంగతి ఇది. మైలో రాడులోవిచ్‌కి 26 ఏళ్లు. మిషిగన్ యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు, ఎయిర్ ఫోర్స్ రిజర్వులో లెఫ్టినెంట్ కూడా. నీవల్ల దేశ భద్రతకు ముప్పుంది, రాజీనామా చెయ్యమని పైవాళ్లు అడిగారు. అతని నడవడి మీద చిన్న ఫిర్యాదు కూడా లేదు. తండ్రి, సోదరి కమ్యూనిస్టు భావాలవాళ్లని, వాళ్లతో ఇతనికి రాకపోకలున్నాయని, అదీ అభ్యంతరం. తండ్రి సెర్బియన్ వలసదారు, కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. ఆయన మీద చెప్పిందల్లా, సెర్బియన్ భాషలో వచ్చే ఒక పేపర్ చదువుతాడని!

రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన దేశానికి కమ్యూనిస్టులంటే ఇంత భయం, అదే రెడ్ స్కేర్, ఎందుకు పట్టుకుంది?

[స్క్రీన్: 1949, 1950]

కారణాలు లేకపోలేదు. 1949 ఆగస్టులో సోవియట్ యూనియన్ అణుబాంబు పేల్చింది. అక్టోబరులో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్లింది. అణు రహస్యాలు సోవియట్లకు చేరవేశానని 1950లో శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ ఒప్పుకున్నాడు. గూఢచారులు నిజంగానే ఉన్నారు. కానీ ఆ కొద్దిమందిని పట్టుకోవడానికి వేసిన వలలో లక్షలమంది మామూలు జనం చిక్కుకున్నారు.

ఆ వల 1947లోనే పడింది. ఆ మార్చిలో అధ్యక్షుడు ట్రూమన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు: ఫెడరల్ ఉద్యోగులందరి విధేయతనూ పరీక్షించాలి. నీమీద ఎవరు చెప్పారో చాలాసార్లు నీకు చెప్పరు. చెప్పినవాణ్ణి ఎదురు ప్రశ్నించే వీలూ ఉండదు.

అదే ఏడాది అమెరికా ప్రతినిధుల సభలో కమ్యూనిస్టుల కోసం వెతికే కమిటీ హాలీవుడ్ మీద పడింది. "మీరు ఇప్పుడు గానీ, ఎప్పుడైనా గానీ కమ్యూనిస్టు పార్టీ సభ్యులా?" జవాబు చెప్పం అన్న పదిమంది జైలుకెళ్లారు. జైలు కొన్ని నెలలే. అసలు దెబ్బ వేరే, స్టూడియోలు పనివ్వలేదు. వాళ్లలో ఒకడైన రచయిత డాల్టన్ ట్రంబో మారు పేర్లతో రాసుకుని బతికాడు. 1957లో రాబర్ట్ రిచ్ అనే పేరుకు ఆస్కార్ వచ్చింది. ఆ పేరుతో రచయితే లేడు, రాసింది ట్రంబోనే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇక్కడే. కమిటీ ముందుకొచ్చినవాళ్లు తమ సంగతి చెప్తే సరిపోయేది కాదు, స్నేహితుల పేర్లు కూడా చెప్పాలి. చెప్తే ఉద్యోగం నిలుస్తుంది, చెప్పకపోతే పోతుంది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఉన్నవాళ్లకి పెట్టిన పరీక్ష అది. కొందరు చెప్పారు. ఆ స్నేహాలు మళ్లీ అతకలేదు.

[స్క్రీన్: సీల్ వేసిన కవరు]

రాడులోవిచ్ విచారణకు వద్దాం. ఆరోపణలకు ఆధారాలున్నాయంటూ బోర్డు ముందు ఒక కవరు చూపించారు. సీల్ విప్పలేదు. నాన్నకు దూరమైతే గట్టెక్కేవాడేమో, అతను ఒప్పుకోలేదు. రేపు నా పిల్లల్ని కూడా నన్ను వదులుకోమంటారా అని అడిగాడు. అక్టోబరులో సీబీఎస్ జర్నలిస్టు ఎడ్వర్డ్ మర్రో ఈ కథను టీవీలో చూపించాడు. దాని ప్రకటనకు ఛానల్ డబ్బివ్వకపోతే, మర్రో, కార్యక్రమ నిర్మాత ఫ్రెడ్ ఫ్రెండ్లీ సొంత డబ్బు పెట్టుకున్నారు. నవంబరులో ఎయిర్ ఫోర్స్ వెనక్కి తగ్గింది.

ప్రభుత్వంలో ఉన్న కమ్యూనిస్టుల జాబితా చేతిలో ఉందంటూ 1950 నుంచి దేశాన్ని హడలెత్తించిన సెనేటర్ మెకార్తీని 1954 డిసెంబరులో సెనేటే 67–22 ఓట్లతో అభిశంసించింది. కానీ నష్టం అప్పటికే జరిగిపోయింది.

[స్క్రీన్: కాలిఫోర్నియా, కాల్‌టెక్ యూనివర్సిటీ]

చియెన్ షూసెన్ 1935లో చైనా నుంచి చదువుకోవడానికి వచ్చి, అమెరికా రాకెట్ పరిశోధనకు పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు. 1945లో అమెరికా తరఫున జర్మనీ వెళ్లి అక్కడి రాకెట్ శాస్త్రవేత్తలను ప్రశ్నించాడు కూడా. 1950లో కమ్యూనిస్టువని అనుమానించి రహస్య పరిశోధనల అనుమతి తీసేశారు. తిరిగి వెళ్లిపోతానంటే పోనివ్వలేదు. ఐదేళ్లు నిఘాలో ఉంచి, 1955లో చైనాకు పంపేశారు. అక్కడ క్షిపణి కార్యక్రమం ఆయన చేతుల మీదే మొదలైంది. 1966లో చైనా అణ్వాయుధాన్ని క్షిపణికి తగిలించి పేల్చి చూసింది.