మిల్లీమీటర్లలో పుట్టిన గిటార్లు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకూ నిర్వాహకులకూ చెప్పాల్సిన కృతజ్ఞతలు టీ దగ్గర ఒక్కొక్కరికీ చెప్పుకుంటాను, ఇప్పుడున్నది నలభై నిమిషాలే. నాకిచ్చిన అంశం "పాత జపాన్ ఎలక్ట్రిక్ గిటారు కొనేముందు చూడాల్సినవి". దాని గురించే మాట్లాడతాను. ముందు ఈ బల్ల మీదున్న గిటారును ఒక్కసారి చూడండి.

ఇది గ్రెకో, ఒక జపాన్ బ్రాండు. వెనక మెడ ప్లేటు మీద నంబరు సి76తో మొదలవుతోంది. మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. అంటే ఇది 1976 మార్చిది. ఆ కాలపు ఐబనెజ్ అనే ఇంకో జపాన్ బ్రాండు గిటార్లకూ ఇదే లెక్క. ఇప్పుడు నాలుగు నాబ్‌లూ తీసేస్తున్నాను. మూడు రంధ్రాలు గుండ్రంగా, శుభ్రంగా 8 మిల్లీమీటర్లు ఉన్నాయి. నాలుగోది చూడండి. తొమ్మిదిన్నర. అంచు చిరిగిపోయింది, పాలిష్ పెచ్చులు లేచింది, కింద ప్లైవుడ్ పొర కనబడుతోంది. ఒక వాల్యూమ్ పాట్, అంటే నాబ్ కింద తిరిగే పొటెన్షియోమీటర్, చెడిపోయింది. దాని బదులు అమెరికన్ పాట్ తెచ్చారు. పట్టలేదు. డ్రిల్లు పెట్టారు.

దాదాపు యాభై ఏళ్ల వస్తువుకు రెండు నిమిషాల్లో జరిగిన నష్టం అది, ఇక తిరిగి రాదు. నేనివాళ ఇక్కడికి వచ్చింది ఈ రంధ్రం గురించి మాట్లాడటానికే.

అసలు ఎందుకు పట్టలేదో చూద్దాం. ఈ గిటార్లు పుట్టింది మిల్లీమీటర్ల దేశంలో. నాగనో ప్రాంతంలోని మత్సుమోతో ఊళ్లో ఫుజిగెన్ కంపెనీ 1960లో మొదలైంది. గ్రెకో, ఐబనెజ్ చాలావరకు అక్కడివే. 1982లో ఫెండర్ జపాన్ మొదలైనప్పుడు ఆ గిటార్లూ అక్కడే తయారయ్యాయి. అదే ఊళ్లో మత్సుమోకు ఉండేది. గిటార్లకు ముందు వాళ్లు సింగర్ కుట్టు మిషన్లకు చెక్క పెట్టెలు చేసేవారు. మన ఇళ్లలో అమ్మమ్మల కాలం నాటి మిషన్ బల్ల అంచు ఎంత నున్నగా ఉంటుందో గుర్తుందా? ఆ రకం చేతులు అవి. ఏరియా ప్రో టూ, వెస్టోన్, జపాన్ ఎపిఫోన్ అక్కడినుంచి వచ్చాయి. 1987లో మూతపడింది. హమామత్సులో టోకాయ్ ఉంది, 1947 నుంచి. వీళ్లందరి మరలూ, రంధ్రాలూ, షాఫ్టులూ మెట్రిక్‌లోనే ఉంటాయి. అమెరికన్ భాగాలు అంగుళాల్లో ఉంటాయి. మన బాధంతా ఆ తేడా దగ్గరే.

అమెరికన్ పెద్ద పాట్‌కు, రంధ్రంలో దూరే మరల మెడ అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే 9.5 మి.మీ. జపాన్ పాట్ మెడ 7 లేదా 8. షాఫ్టు 6 మి.మీ., దాని మీద 18 పళ్లు. అమెరికన్ షాఫ్టుకు 24 సన్న పళ్లు. అందుకే పాత నాబ్ కొత్త పాట్ మీద కూర్చోదు, బలవంతంగా నొక్కితే నాబ్ పగులుతుంది. బ్రిడ్జి పోస్టుల సంగతీ ఇంతే. అంగుళపు మరను మెట్రిక్ గూట్లో తిప్పితే మొదటి రెండు చుట్లు హాయిగా వెళ్తుంది, మూడో చుట్టుకు బిగుసుకుంటుంది. అక్కడ ఆగకపోతే గూడు మర పోతుంది. ట్యూనింగ్ కీలకూ అంతే. గ్రోవర్ రోటోమాటిక్ లాంటి వాటికి 10 మి.మీ. రంధ్రం కావాలి, సన్న బుష్, అంటే సన్న గొట్టం, ఉన్న పాత కీల రంధ్రం అంత ఉండదు. ప్లాస్టిక్ బటన్లు పిండిలా రాలిపోతున్నాయని మొత్తం కీలు మార్చేస్తుంటారు. బటన్లు విడిగా దొరుకుతాయి. అవి మార్చండి చాలు.

కాబట్టి దయచేసి, ఏ భాగం కొనేముందైనా వెర్నియర్ కాలిపర్ పట్టుకోండి. డ్రిల్లు అవసరమయ్యే భాగం మీ గిటారుది కాదు.

ఇంకో సంగతి మన ఊళ్లకు బాగా పనికొస్తుంది. జపాన్ గిటారుకు సరిపోయే 16 మి.మీ. పాట్ మన ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరికే రకమే. కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట అడగండి. ఏ500కే కావాలని చెప్పాలి. జపాన్ పద్ధతిలో ఏ అంటే లాగ్, బి అంటే లీనియర్. బి తెస్తే వాల్యూమ్ సమంగా తగ్గదు, తిప్పుడంతా కింది చివర్లో కుక్కినట్టు అనిపిస్తుంది. తీగల కదలికను పట్టే పికప్ జంట కాయిల్ హంబకర్ అయితే 500కే, సింగిల్ కాయిల్ అయితే 250కే. టోన్ కెపాసిటర్ మీద 223 అని ఉంటే 0.022 మైక్రోఫారడ్, 473 అంటే 0.047.

మార్చేముందు ఒక మాట. పాట్ గరగరలాడితే చెడిపోయినట్టు కాదు, చాలాసార్లు అది మట్టే. కాళ్ల దగ్గరున్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిన్న చిమ్ము కొట్టి, ఆ చివరినుంచి ఈ చివరికి ముప్పై నలభై సార్లు తిప్పండి. పది నిమిషాలు ఆరనివ్వండి. తుప్పు విడగొట్టే నూనె స్ప్రేలు వాడొద్దు. ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది, నెలలో గరగర తిరిగొస్తుంది. అప్పటికీ మధ్యలో శబ్దం తెగిపోతుంటే, లోపలి కార్బన్ పట్టీ అరిగిందన్నమాట. అప్పుడు మార్చండి. ముందు ఫోన్‌తో ఫొటో తీసి, ప్రతి వైరుకూ కాగితం చీటీ అంటించండి. బ్రిడ్జి నుంచి వచ్చే ఎర్త్ వైరును మరవొద్దు. అది తెగితే గిటారు తీగలు ముట్టుకున్నా హమ్ తగ్గదు, జాక్ లోహాన్ని ముట్టుకుంటేనే తగ్గుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఇదే గుర్తు. ఇలాంటి గిటార్లలో పికప్ వైరు చుట్టూ లోహపు అల్లిక ఉంటుంది. ఆ అల్లిక పాట్ మీద సిగ్నల్ వచ్చే కాలికి తగిలితే శబ్దం పూర్తిగా పోతుంది. అందరూ పికప్ పోయిందనుకుంటారు.

సరే, అసలు అంశానికి వస్తాను. కొనేముందు చూడాల్సినవి.

మొట్టమొదట "లాసూట్", అంటే కోర్టు దావాకెక్కిన గిటారు అన్న మాటకు డబ్బు ఇవ్వొద్దు. వెనక వరసలో కొందరు తలలూపుతున్నారు, కాబట్టి దీన్ని నిలబడి చెప్పాల్సిందే. 1977 జూన్ 28న అమెరికన్ గిటార్ల కంపెనీ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబనెజ్‌ను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. తగవంతా గిటారు తల పై అంచు గురించి, తెరిచిన పుస్తకంలా ఉండే ఆ వంపు గురించి. ఐబనెజ్ అప్పటికే ఆ వంపు మార్చేసింది. 1978 మొదట్లో రాజీ కుదిరింది. ఆ దావాలో గ్రెకో లేదు, టోకాయ్ లేదు, ఇంకో జపాన్ బ్రాండు టీస్కో అసలే లేదు. అయినా ఏ పాత జపాన్ గిటారుకైనా ఆ మాట తగిలించి ధర పెంచుతున్నారు. ఆ మాట గిటారు నాణ్యత గురించి ఏమీ చెప్పదు. మోడల్ నంబరు చెప్తుంది. గ్రెకో ఈజీ-700 అంటే అప్పట్లో 70,000 యెన్‌లు. టోకాయ్ ఎల్‌ఎస్-80 అంటే 80,000. కొత్తగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ దాన్ని ఏ మెట్టు మీద పెట్టిందో ఆ అంకెలోనే ఉంది.

ఇదిగో, ఈ గ్రెకో పైభాగాన్ని వేలితో తడుతున్నాను, వినండి. పికప్‌కూ అంచుకూ మధ్య బొంగురుగా, డొల్లగా పలుకుతోంది. ప్లైవుడ్‌ను వంచి నొక్కి పైకప్పు చేశారు, లోపల ఖాళీ. మెడ కూడా అంటించింది కాదు, నాలుగు స్క్రూలది. డెబ్బైల్లో వచ్చిన, అమెరికన్ గిటార్లకు కింది మెట్టు కాపీలు చాలావరకు ఇలాంటివే. అది తప్పు కాదు, వీటికి తమదైన పలుకుంది. కానీ ఘనమైన మహోగని, అంటించిన మెడ ఉన్న గిటారు ధరకు దీన్ని కొనకూడదు.

జేవీ అన్న అక్షరాలతో మొదలయ్యే నంబర్ల కోసం వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. 1982 నుంచి 84 వరకు వచ్చిన ఆ ఫెండర్, స్క్వైర్ గిటార్ల నంబరు ఎక్కువగా మెడ ప్లేటు మీదే ఉంటుంది. ప్లేటు మార్చడం నాలుగు స్క్రూల పని. అందుకే మెడ విప్పి, కింద ఉన్న ముద్రలు చూపించమని అడగండి. విప్పనివ్వనంటే కొనొద్దు.

పికప్‌లు బతికున్నాయో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. జాక్‌లో కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, రెండో చివరనున్న ప్లగ్ కొనకూ ఒంటికీ మల్టీమీటర్ పెట్టండి. హంబకర్ అయితే 7 నుంచి 9 కిలో ఓమ్స్, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ అయితే ఆరు దగ్గర్లో చూపాలి. వందల కిలో ఓమ్స్ చూపిస్తే కాయిల్ తెగింది, మీటరు పాట్‌ను కొలుస్తోంది. టీస్కో గోల్డ్‌ఫాయిల్ పికప్‌లకు ఈ పరీక్ష తప్పనిసరి. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ తన స్ట్రాటోకాస్టర్‌లో ఆ పికప్ పెట్టుకున్న దగ్గర్నుంచి వాటికి గిరాకీ పెరిగింది, పికప్ కోసమే గిటార్లు విప్పేస్తున్నారు. ఇదీ నాకు డ్రిల్లు లాంటి బాధే.

టీస్కో పేరెత్తాం కాబట్టి మెడ సంగతి. 1965లో అమెరికన్ బృందం వెంచర్స్ పర్యటన తర్వాత జపాన్‌లో ఎలెకి జ్వరం, అంటే ఎలక్ట్రిక్ గిటారు పిచ్చి, పట్టుకుంది. ఆ వేగంలో చేసిన గిటార్లలో మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ, అంటే సర్దుబాటు చేయగల ట్రస్ రాడ్, లేనివి చాలా ఉన్నాయి. బ్రిడ్జి అట్టడుగుకు దించినా తీగలు ఎత్తుగానే ఉంటే, మెడ గూట్లో బ్రిడ్జి వైపు చివర పలచని షిమ్, అంటే ఎత్తు పెంచే ముక్క, పెట్టండి. గూడు పొడవు 65 మి.మీ. అనుకుంటే, అర మిల్లీమీటరు షిమ్ బ్రిడ్జి దగ్గర దాదాపు 2 మి.మీ. తేడా తెస్తుంది. అందుకే విజిటింగ్ కార్డు ముక్క ఒకటితో మొదలుపెట్టండి, రెండు వద్దు. మెడే వంగిపోయి ఉంటే మాత్రం షిమ్ ఏమీ చేయలేదు.

ట్రస్ రాడ్ ఉంటే తీగలు వదులు చేసి, ఒక్కసారికి పావు చుట్టే తిప్పండి. తాళం సరిగ్గా పట్టిందో లేదో చూసుకోండి. అంగుళపు తాళం మెట్రిక్ నట్ మీద పట్టినట్టే ఉండి మూలలు తినేస్తుంది. మెడ మీది లోహపు గీతలైన ఫ్రెట్లలో ఏడో ఎనిమిదో దాని దగ్గర 0.2 మి.మీ. సందు, పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగకు ఒకటిన్నర, లావు తీగకు రెండు మి.మీ. ఉంటే చేతికి హాయి. ఫ్రెట్ ఎత్తు 0.7 కంటే తగ్గితే కొత్త ఫ్రెట్ల ఖర్చు ధరలో కలుపుకోండి. విశాఖ, కాకినాడ వాళ్లు స్క్రూలను, బ్రిడ్జి శాడిల్స్‌ను నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి. ఉప్పుగాలికి ముందు బిగుసుకునేవి అవే.

విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లు రోజ్‌వుడ్ గురించి అడుగుతుంటారు. మన అడవుల్లో ఇరుగుడు అంటామే, ఆ జాతి. 2017 జనవరిలో అంతర్జాతీయ నియమాలు బిగిశాయి. పూర్తిగా తయారై ఉన్న వాయిద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు వచ్చింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు.

ఇక చివరి పనిముట్టు. ఈ స్క్రూడ్రైవర్ మామూలు స్టార్ కాదు, జేఐఎస్, జపాన్ కొలతది. మామూలు ఫిలిప్స్ కొన ఈ స్క్రూల గాట్లో పూర్తిగా దిగదు, బలంగా తిప్పితే పైకి జారి గాటును అరగదీస్తుంది. పాత జపాన్ గిటార్ల మెడ స్క్రూల తలలు చెడిపోయి కనబడేది ఇందుకే. ఈ గ్రెకో స్క్రూలు నాలుగూ ఇంకా బాగున్నాయి. నిట్టనిలువుగా పట్టి, ముందు గట్టిగా నొక్కి, ఆ తర్వాతే తిప్పాలి. నాలుగూ కొంచెం కొంచెంగా వదులు చేయాలి, ఒక్కటే పూర్తిగా తీసేయకూడదు. తీగలు ముందే వదులు చేసి ఉంచాను. ముందు వరస నుంచి ఒకరు రండి, మెడ విప్పి కింద ఏం ముద్ర ఉందో అందరికీ చదివి వినిపించండి.